కంటికి ట్రీట్‌మెంట్ సరే, రుద్దే చేతి సంగతేంటి?

(వీడియో ఎపిసోడ్ ట్రాన్‌స్క్రిప్ట్. మాట్లాడిన తీరులోనే ఉంచాం, చదవడానికి వీలుగా అక్కడక్కడా సరిచేశాం.)

ఒక్క ప్రశ్నతో మొదలుపెడదాం. ఈరోజు పొద్దున లేచినప్పటి నుంచి ఇప్పటిదాకా మీరు కళ్లు ఎన్నిసార్లు రుద్దుకున్నారు?

గుర్తులేదు కదా. నాకూ గుర్తుండేది కాదు. ఒక డాక్టర్ నన్ను సరిగ్గా ఇదే అడిగారు. "అబ్బే, నేను రుద్దను మేడమ్" అన్నాను. పచ్చి అబద్ధం. ఆ అబద్ధం వల్ల నష్టపోయింది నా కుడి కన్ను.

ఈ ఎపిసోడ్ దాని గురించే. కెరటోకోనస్ అనే కంటి జబ్బు, దాన్ని పెంచి పోషించే చెయ్యి, ఈ రెండిటికీ కలిపి వైద్యం ఎలా చేస్తారు. నేను డాక్టర్‌ని కాదు, బీటెక్ చదివి కోడ్ రాసుకున్నవాణ్ణి. పేషెంట్‌గా నాకు జరిగింది, దాని తర్వాత కూర్చుని చదివింది, డాక్టర్లని అడిగి తెలుసుకున్నది చెప్తున్నా. మందు పేరు వినగానే మెడికల్ షాపుకి పరిగెత్తకండి, ప్లీజ్.

ముందు నా కథ, రెండు నిమిషాల్లో

2019. హైటెక్ సిటీలో సపోర్ట్ ప్రాజెక్ట్. అమెరికా క్లయింట్, నైట్ షిఫ్ట్. లోపల చలి పుట్టించే ఏసీ, బయటికొస్తే కన్‌స్ట్రక్షన్ దుమ్ము. కొండాపూర్, గచ్చిబౌలి వైపు బైక్ మీద తిరిగేవాళ్లకి నేను చెప్పక్కర్లేదు. రాత్రి మూడింటికి ఇష్యూ క్లోజ్ చేసి, కళ్లద్దాలు తీసి టేబుల్ మీద పెట్టి, రెండు పిడికిళ్లూ కళ్లలో పెట్టి గుండ్రంగా తిప్పుతూ రుద్దేవాణ్ణి. నిమిషం, రెండు నిమిషాలు. ఆ హాయి వేరు. మా అమ్మ చిన్నప్పటి నుంచీ "ఒరేయ్, కళ్లు పోతాయిరా, చెయ్యి తియ్" అంటూనే ఉంది. అమ్మలు అన్నీ అలాగే అంటారు కదా అని వదిలేశా.

పవర్ మారుతూ ఉండేది. మామూలు పవర్ కాదు, చీటీలో సిలిండర్ అని రాస్తారే, అది. ఏడాదిన్నరలో మూడుసార్లు అద్దాలు మార్చారు. పేరు అనవసరం గానీ, ఆ ఆప్టికల్ షాపులో ఒక్కసారి కూడా "ఎందుకిలా మారుతోంది, డాక్టర్‌కి చూపించండి" అనలేదు. రాత్రిపూట ఓఆర్ఆర్ మీద ఎదురొచ్చే బండి లైట్లు తోకలు తోకలుగా సాగి కనిపించేవి. ఫోన్‌లో తెల్ల అక్షరాల వెనక ఇంకో నీడ అక్షరం. స్క్రీన్ ఎక్కువ చూస్తున్నాం కదా, మామూలే అనుకున్నా.

అద్దాల గోల వదిలించుకుందామని లాసిక్ కోసం వెళ్లా. మెషీన్‌లో గడ్డం పెట్టి చూస్తే రంగుల మ్యాప్ వచ్చింది. ఎడమ కన్ను కింది భాగమంతా ఎరుపు. "మీకు లాసిక్ చేయకూడదు. కెరటోకోనస్ ఉంది. కళ్లు రుద్దుతారా?" అన్నారు డాక్టర్. అక్కడ నేను చెప్పిన జవాబు మీకు తెలుసు.

ఎడమ కంటికి ట్రీట్‌మెంట్ చేశారు. ఆరు నెలల తర్వాత చెకప్‌కి అమ్మ కూడా వచ్చింది. ఎడమ కన్ను స్టెడీ. అప్పటిదాకా పర్వాలేదనుకున్న కుడి కన్ను మాత్రం ముందుకి పొడుచుకొచ్చింది. డాక్టర్ మళ్లీ అదే ప్రశ్న. నేను నోరు తెరిచేలోపు అమ్మ అందుకుంది: "వీడా మేడమ్? నిద్రలో కూడా రుద్దుతాడు."

డాక్టర్ తిట్టలేదు. చీటీ మీద ఇంకో లైన్ రాశారు. సైకాలజిస్ట్‌ని కలవమని. కంటి డాక్టర్ నన్ను సైకాలజిస్ట్ దగ్గరికి పంపడమేంటి అని ఆ రోజు నాకు కోపం వచ్చింది. ఇప్పుడు చెప్తున్నా, నా కళ్లకి జరిగిన అన్ని వైద్యాల్లో ఆ ఒక్క లైనే పెద్దది.

కార్నియా ఎందుకు సాగుతుంది?

కంటి నల్లగుడ్డు మీద వాచీ గ్లాసులా పారదర్శకంగా ఉండే పొర కార్నియా. మధ్యలో దాని మందం దాదాపు అర మిల్లీమీటరు. అంటే 500 నుంచి 550 మైక్రాన్లు. దీన్లో రక్తనాళాలు ఉండవు, ఆక్సిజన్‌ని ఎక్కువగా గాలి నుంచే తీసుకుంటుంది. కంటిలోకి వచ్చే వెలుతురుని వంచి ఫోకస్ చేసే పనిలో మూడింట రెండొంతులు దీనిదే. లోపల కొల్లాజెన్ అనే ప్రొటీన్ దారాలు పొరలు పొరలుగా అల్లుకుని ఉంటాయి. ఆ అల్లిక బిగువు మీదే దాని గుండ్రటి ఆకారం నిలబడుతుంది.

కెరటోకోనస్‌లో ఆ అల్లిక వదులవుతుంది. పొర పల్చబడి, కంటి లోపలి ప్రెజర్‌కి ముందుకి పొడుచుకొచ్చి కోన్ ఆకారం తీసుకుంటుంది. సాధారణంగా టీనేజ్‌లోనో ఇరవైల్లోనో మొదలై, ముప్పైలు, నలభైల దాకా పెరగొచ్చు. అంటే బీటెక్ ఫస్టియర్ నుంచి టీమ్ లీడ్ అయ్యేదాకా అన్నమాట. మన దేశంలో ఇది అరుదేం కాదు. మహారాష్ట్ర పల్లెల్లో చేసిన సెంట్రల్ ఇండియా ఐ అండ్ మెడికల్ స్టడీలో, కార్నియా వంపు 48 డయాప్టర్లు దాటితే కెరటోకోనస్ అని లెక్క వేస్తే, నూటికి 2.3 మంది తేలారు. ఆ లెక్క కట్టే పద్ధతి మీద వాదనలు ఉన్నాయి. మన ఆఫీసు ఫ్లోర్‌లో కూడా ఎవరికైనా ఉండగల జబ్బే.

ఇప్పుడు రుద్దడం సంగతి. మామూలుగా కంటి ప్రెజర్ 10 నుంచి 21 మధ్య ఉంటుంది. గట్టిగా రుద్దుతున్నంతసేపూ అది ఎన్నో రెట్లు పైకి లేస్తుంది. అప్పటికే పల్చగా ఉన్న పొర మీద పిడికిలి ఎముక తిరుగుతుంటుంది. కన్నీళ్లలో వాపు పుట్టించే ప్రొటీన్లు, కొల్లాజెన్‌ని కరిగించే ఎంజైములు పెరుగుతాయి. దానికి తోడు, రుద్దితే కంటిపొరలోని మాస్ట్ కణాలు పగిలి హిస్టమిన్ వదులుతాయి. హిస్టమిన్ అంటే దురద. అంటే దురద పోవాలని రుద్దితే కొత్త దురద పుడుతుంది. కోడ్ రాసేవాళ్లకి ఒక్కమాటలో చెప్తా: ఎగ్జిట్ కండిషన్ లేని లూప్.

అన్నిటికీ కారణం రుద్దడమేనా? ఇక్కడ డాక్టర్లలోనే గొడవ ఉంది. పారిస్‌లోని రోత్‌షీల్డ్ ఫౌండేషన్ ఆసుపత్రి డాక్టర్ డామియన్ గటినెల్ 2016లో, రుద్దడం లేనిదే కెరటోకోనస్ లేదు అనేంత గట్టి వాదన పెట్టారు. చాలామంది ఒప్పుకోరు. వంశపారంపర్యం ఉంది, అలర్జీ ఉంది, అసలు రుద్దని పేషెంట్లూ ఉన్నారు అంటారు. కానీ ఉన్న జబ్బుని రుద్దడం పెంచుతుంది, కాబట్టి ఆపాల్సిందే అన్నదాంట్లో మాత్రం వాదన లేదు.

అలవాటా, దురదా, ఓసీడీనా?

"రుద్దకు" అని చెప్పడం తేలిక. ఎందుకు రుద్దుతున్నాడో తెలియకుండా చెప్తే ఉపయోగం లేదు. బయటికి అన్నీ ఒకేలా కనిపిస్తాయి, లోపల వేరు వేరు.

మొదటిది, నిజమైన దురద. అలర్జీ, కళ్లు పొడిబారడం. మన ఎండలకి, దుమ్ముకి పిల్లల్లో, ముఖ్యంగా మగపిల్లల్లో, వర్నల్ అనే అలర్జీ బాగా కనిపిస్తుంది. ఇక్కడ దురద తగ్గిస్తే చెయ్యి చాలావరకు దానంతట అదే ఆగుతుంది.

రెండోది, నాది. గోళ్లు కొరకడం, జుట్టు పీక్కోవడం, చర్మం గిల్లుకోవడం, ఈ కుటుంబానికి చెందింది. దురద లేకపోయినా టెన్షన్‌లో, బోర్‌లో, అలసటలో చెయ్యి కంటికి వెళ్తుంది. సగంసార్లు మనకి తెలియను కూడా తెలియదు. రుద్దాక హాయిగా ఉంటుంది. దానికి శరీరంలో కారణం కూడా ఉంది: కంటి మీద ఒత్తిడి పడితే ఒక రిఫ్లెక్స్ వల్ల గుండె వేగం కాస్త తగ్గుతుంది. ఆ హాయే మళ్లీ మళ్లీ పిలుస్తుంది.

మూడోది, ఓసీడీ. ఇక్కడ హాయి కాదు, భయం నడిపిస్తుంది. "కంట్లో ఏదో ఉండిపోయింది, తీయకపోతే కన్ను పోతుంది" అనే ఆలోచన వదలదు. రుద్దితేనో, కడిగితేనో, అద్దంలో చూసుకుంటేనో కాసేపు ఊరట. తర్వాత మళ్లీ అదే ఆలోచన. దీనికి దగ్గరగా ఉండే ఒక తమాషా ఏంటంటే, కంటి లోపలి నుంచి పుసిని దారంలా పదేపదే లాగుతుంటారు కొందరు. లాగేకొద్దీ కన్ను రేగి ఇంకా ఊరుతుంది. 1985లో మెక్‌కలీ అనే డాక్టర్ బృందం దీనికి 'మ్యూకస్ ఫిషింగ్' అని పేరే పెట్టింది. పుసిని గాలం వేసి పట్టడం!

నాలుగోది, డౌన్ సిండ్రోమ్, ఆటిజం ఉన్నవాళ్లు, పుట్టుకతోనే చూపు బాగా తక్కువ ఉన్న పిల్లలు. కన్ను నొక్కితే కలిగే స్పర్శ కోసం, మెరుపుల కోసం నొక్కుతారు. డౌన్ సిండ్రోమ్‌లో కెరటోకోనస్ మామూలుకంటే చాలా ఎక్కువ.

ఒకే మనిషిలో రెండు మూడు కలిసి ఉండొచ్చు. నాకు అలర్జీ ఉంది, అలవాటూ ఉంది. చుక్కల మందుతో దురద పోయింది, చెయ్యి మాత్రం ఆగలేదు.

ఇంకో మాట. ఒకప్పుడు 'కెరటోకోనస్ మనస్తత్వం' అని ఒకటుందని, ఈ పేషెంట్లు కొంచెం తేడా మనుషులని డాక్టర్లలో ఒక అభిప్రాయం ఉండేది. 1980లలో పరీక్షించి చూసినవాళ్లకి అలాంటి ప్రత్యేకమైన మనస్తత్వం ఏదీ దొరకలేదు. చూపు చెడుతూ ఉంటే మనిషికి వచ్చే చికాకు అది. కాబట్టి ఎవరైనా మిమ్మల్ని ఆ కంటితో చూస్తే పట్టించుకోకండి.

కంటి వైద్యం ప్రతి మెట్టులోనూ చెయ్యి అడ్డం

ఇప్పుడు అసలు ట్రీట్‌మెంట్లు. ఒక్కోదాంట్లో చెయ్యి ఎలా అడ్డుపడుతుందో చూడండి.

క్రాస్ లింకింగ్. జర్మనీలోని డ్రెస్డెన్‌లో పుట్టింది. వోలెన్‌సాక్, స్పోర్ల్, సైలర్ 2003లో మనుషుల మీద మొదటి ఫలితాలు ప్రచురించారు. అమెరికాలో ఎఫ్‌డీఏ 2016లో ఓకే చేసింది. పద్ధతి సింపుల్. మొద్దుబారే చుక్కలు వేసి, పై పొరని మెల్లగా తీసి, అరగంట పాటు రైబోఫ్లేవిన్ చుక్కలు వేస్తారు. అవును, విటమిన్ బీ2. తర్వాత ఇంకో అరగంట అల్ట్రావయొలెట్-ఏ లైట్. ఇప్పుడు లైట్ పవర్ పెంచి పది నిమిషాల్లో ముగించే పద్ధతులూ ఉన్నాయి. పంటి సిమెంట్ మీద నీలం లైట్ పెట్టి గట్టిపరుస్తారు చూడండి, ఆ టైపులో కొల్లాజెన్ దారాల మధ్య కొత్త ముడులు పడతాయి. పాత పద్ధతికి కార్నియా కనీసం 400 మైక్రాన్లు ఉండాలి. అందుకే ముందుగా పట్టుకోవడం ముఖ్యం.

ఒకటి గుర్తుపెట్టుకోండి. ఇది జబ్బుని ఆపడానికి. అద్దాలు తీసేయడానికి కాదు. పోయిన చూపుని వెనక్కి తెస్తుందనే గ్యారంటీ లేదు.

చెయ్యి ఎక్కడ అడ్డం? మొదటి నాలుగైదు రోజులు పై పొర ఉండదు. కట్టులా ఒక మెత్తటి కాంటాక్ట్ లెన్స్ పెడతారు. మంట, నీళ్లు, గరగర. రుద్దాలనిపించే అన్ని కారణాలూ ఒకేసారి వస్తాయి. అప్పుడు రుద్దితే లెన్స్ జారిపోతుంది, పుండు పడుతుంది, ఇన్‌ఫెక్షన్ వస్తుంది. తర్వాత నెలల్లో కూడా రుద్దుతూనే ఉంటే గట్టిపరిచిన కార్నియా కూడా మళ్లీ వదులవ్వచ్చు. బగ్ ఫిక్స్ చేసి, ఆ బగ్ పుట్టించే జాబ్‌ని బ్యాక్‌గ్రౌండ్‌లో రన్ అవుతూ వదిలేసినట్టు.

స్క్లెరల్ లెన్స్. వంకర తిరిగిన కార్నియాకి మామూలు అద్దాలు సరిపోవు. ఈ పెద్ద గట్టి లెన్స్ కార్నియాని తాకకుండా, కంటి తెల్లభాగం మీద కూర్చుంటుంది. మధ్యలో సెలైన్ నిండి ఉంటుంది. నా కుడి కంటికి ఇప్పుడు ఇదే. మొదటిరోజు పెట్టుకుని రాయదుర్గం మెట్రో స్టేషన్ బోర్డు దూరం నుంచి చదివినప్పుడు కళ్లలో నీళ్లు తిరిగాయి. లెన్స్ వల్ల కాదు.

చెయ్యి ఎక్కడ అడ్డం? రోజూ పెట్టాలి, తీయాలి, కడగాలి. శుభ్రత ఓసీడీ ఉన్న మనిషికి ఇది రోజూ ఒక పరీక్ష. చేతులు ఇరవైసార్లు కడిగినా నమ్మకం కుదరదు, లెన్స్‌ని కుళాయి నీళ్లతో కడిగేస్తారు. కుళాయి నీళ్లలో అకాంతమీబా అనే సూక్ష్మజీవి ఉండొచ్చు. అది కార్నియాకి చేసే ఇన్‌ఫెక్షన్ కెరటోకోనస్ కంటే భయంకరం. ఇలాంటి పేషెంట్‌కి "జాగ్రత్తగా ఉండు" అని చెప్తే సమస్య పెరుగుతుంది. ఇన్నిసార్లు, ఇంతసేపు, ఈ సొల్యూషన్‌తో, అంతే, అని అంకెల్లో రాసి ఇవ్వాలి.

కార్నియా మార్పిడి. జబ్బు ముదిరి మచ్చపడితే దానం చేసిన కార్నియా పెడతారు. లోపలి పొర బాగుంటే దాన్ని అలాగే ఉంచి పై పొరలే మార్చే డాల్క్ అనే పద్ధతి ఉంది. పూర్తి మందం మార్చడం కంటే కన్ను దెబ్బలకి బాగా తట్టుకుంటుంది, లోపలి పొర మనదే కాబట్టి దాన్ని శరీరం తిరస్కరించే భయం ఉండదు. అయినా కుట్లు నెలల తరబడి ఉంటాయి. అతుకు ఎప్పటికీ పుట్టుకతో ఉన్నంత గట్టిగా అవ్వదు. ఆ కన్ను రుద్దితే కుట్లు వదులవుతాయి, అతుకు తెగొచ్చు కూడా. అందుకే, అత్యవసరం కాకపోతే, ముందు చేతిని అదుపులోకి తెచ్చాకే ఆపరేషన్ అంటారు.

ఇంకో ప్రమాదం హైడ్రాప్స్. గట్టిగా రుద్దేవాళ్లలో, సాగిన కార్నియా లోపలి పొర చిరిగి నీరు చేరి, ఒక్కరోజులో కన్ను తెల్లగా మసకబారుతుంది. నొప్పి, వెలుగు చూడలేకపోవడం. అలా జరిగితే అదే రోజు ఆసుపత్రికి వెళ్లండి.

చుక్కల మందుల గురించి గట్టిగా ఒక మాట. దురదకి మెడికల్ షాపులో అడిగి తెచ్చుకునే చుక్కల్లో స్టెరాయిడ్ ఉండొచ్చు. వేసిన రెండో రోజుకే కన్ను తెల్లబడుతుంది, భలే మందు అనిపిస్తుంది. డాక్టర్ చూడకుండా నెలల తరబడి వాడితే గ్లాకోమా, శుక్లం వస్తాయి. ఏదైనా పదేపదే చేయాలనిపించే స్వభావం ఉన్నవాళ్లకి సీసా చేతికివ్వడమే రిస్క్. అలాగే మొద్దుబారే చుక్కలు ఇంటికి తెచ్చుకోవడం అసలు వద్దు. నొప్పి తెలియని కార్నియాకి పుండు పడి మానదు.

మరి చేతికి వైద్యం ఏంటి?

సైకాలజిస్ట్ మొదటి రోజు నన్ను ఏమీ మానమనలేదు. లెక్కపెట్టమన్నారు. ఫోన్‌లో ఒక కౌంటర్ యాప్. చెయ్యి కంటికి వెళ్లిన ప్రతిసారీ ఒక నొక్కు. మొదటిరోజు 37. రుద్దనని డాక్టర్‌కి చెప్పిన మనిషికి 37!

ఈ పద్ధతి పేరు హ్యాబిట్ రివర్సల్ ట్రైనింగ్. 1973లో అజ్రిన్, నన్ అనే ఇద్దరు అమెరికన్ సైకాలజిస్టులు తీసుకొచ్చారు. మూడు ముక్కల్లో చెప్తా.

ఒకటి, గుర్తించడం. ఎప్పుడు, ఎక్కడ, దానికి ముందు ఏమైంది, వేళ్లతోనా పిడికిలితోనా, రుద్దాక ఎలా ఉంది. వారం రాసుకుంటే నాది మొత్తం బయటపడింది. కళ్లద్దాలు తీసిన వెంటనే. కాల్‌లో మ్యూట్‌లో ఉన్నప్పుడు. పడుకోబోయే ముందు ఫోన్ పక్కన పెట్టగానే. మూడూ ఖాళీ క్షణాలే.

రెండు, చేతికి ఇంకో పని. రుద్దాలనిపించగానే, రుద్దడం వీలుకాని పని ఏదైనా నిమిషం పాటు చేయాలి. నేను రెండు పిడికిళ్లు బిగించి తొడల మీద పెడతా, కళ్లు మెల్లగా పదిసార్లు ఆర్పుతా. అప్పటికీ ఆగకపోతే ఫ్రిజ్‌లో పెట్టిన, డాక్టర్ రాసిన కన్నీటి చుక్కలు. ఆ కోరిక అల లాంటిది. లేస్తుంది, పడుతుంది. మనం రుద్దకపోయినా పడుతుంది. ఈ ఒక్క విషయం శరీరానికి తెలియడానికి నాకు నెల పట్టింది.

మూడు, ఇంట్లోవాళ్ల సాయం. అమ్మ "చెయ్యి తియ్" అనడం మానేసింది. దాని బదులు ఒక మాట పెట్టుకున్నాం: "టీ తాగుతావా?" అది వినగానే నా చెయ్యి కిందికి. ఆఫీసులో పక్క సీట్ ఫ్రెండ్ టేబుల్ మీద రెండుసార్లు తట్టేవాడు. తిట్టు వింటే సిగ్గు, సిగ్గుతో టెన్షన్, టెన్షన్‌తో మళ్లీ రుద్దడం. అది తెగాలి.

నిద్రలో రుద్దేదానికి వేరే ఏర్పాటు. శుక్లం ఆపరేషన్ అయినవాళ్లకి పెడతారే, చిల్లుల ప్లాస్టిక్ కప్పు, అది డాక్టర్‌ని అడిగి రాత్రిపూట పెట్టుకున్నా. కన్ను దిండుకి నొక్కుకునేలా బోర్లా పడుకోవడం మానేశా.

ఓసీడీ అయితే ఇది సరిపోదు. అక్కడ వేరే థెరపీ. భయపెట్టే పరిస్థితిని కొంచెం కొంచెంగా ఎదుర్కొంటూ, అలవాటైన పని చేయకుండా ఉండటం నేర్పుతారు. దాన్ని ఈఆర్‌పీ అంటారు. దాంతోపాటు సైకియాట్రిస్ట్ ఎస్ఎస్ఆర్ఐ మందులు ఇవ్వొచ్చు. ఓసీడీకి ఇవి పనిచేయడానికి రెండు మూడు నెలలు పడుతుంది, మధ్యలో "ఏం లాభం లేదు" అని ఆపేయకూడదు.

ఇక్కడే ఇద్దరు డాక్టర్లు మాట్లాడుకోవాల్సిన అవసరం. ఈ మందులు కొందరికి కళ్లు పొడిబారేలా చేస్తాయి. పొడిబారితే గరగర, గరగరైతే చెయ్యి పైకి. కొన్ని అలర్జీ మాత్రలు కూడా అంతే. దానర్థం మందు మానమని కాదు. కంటి డాక్టర్‌కి ఆ మందు సంగతి తెలిస్తే కన్నీటి చుక్కలు పెంచుతారు, అంతే. క్రాస్ లింకింగ్ డేట్ సైకాలజిస్ట్‌కి తెలిస్తే దానికి నాలుగు వారాల ముందు నుంచే ప్రాక్టీస్ మొదలుపెట్టిస్తారు. మన దగ్గర ఈ ఇద్దరూ ఒకరి ఫైల్ ఒకరు చూడరు. ఆ ఫైల్ మోయాల్సింది మనమే. రెండు ప్రిస్క్రిప్షన్లూ ఫోన్‌లో ఒకే ఫోల్డర్‌లో పెట్టుకుని, ఇద్దరికీ చూపించండి.

పిల్లలకి, ముఖ్యంగా డౌన్ సిండ్రోమ్, ఆటిజం ఉన్నవాళ్లకి, లెక్కపెట్టుకోమంటే కుదరదు. అక్కడ ముందు అలర్జీకి పూర్తి వైద్యం, రక్షణ కళ్లద్దాలు, చేతులకి వేరే స్పర్శ ఇచ్చే పనులు నేర్పే ఆక్యుపేషనల్ థెరపిస్ట్. క్రాస్ లింకింగ్ మత్తిచ్చి చేస్తారు. తర్వాత కొన్ని రోజులు మోచేయి వంగకుండా మెత్తటి పట్టీలు కట్టాల్సి రావొచ్చు. అది శిక్షలా కాకుండా ముందే ఆటలా అలవాటు చేయాలి.

హైదరాబాద్‌లో ఎక్కడికి వెళ్లాలి?

ఈ జబ్బుకి మన ఊరు మంచి ఊరే. బంజారాహిల్స్‌లో ఎల్వీ ప్రసాద్ ఐ ఇన్‌స్టిట్యూట్ ఉంది. డాక్టర్ గుళ్లపల్లి నాగేశ్వరరావు గారు 1987లో మొదలుపెట్టారు. చాలామంది ఎల్వీ ప్రసాద్ అంటే డాక్టర్ అనుకుంటారు. కాదు, 'మిస్సమ్మ' తీసిన డైరెక్టరే. అక్కడ కార్నియాకి ప్రత్యేకంగా ఒక విభాగం, 1989 నుంచి రామాయమ్మ ఇంటర్నేషనల్ ఐ బ్యాంక్ ఉన్నాయి. డబ్బు కట్టలేనివాళ్లకి ఫ్రీగా చూస్తారు. ప్రభుత్వ ఆసుపత్రి అంటే మెహదీపట్నంలో సరోజినీ దేవి కంటి ఆసుపత్రి. మనసు వైపు అయితే ఎర్రగడ్డలో ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ మెంటల్ హెల్త్. ఎర్రగడ్డ అనగానే నవ్వే జోకులు మనం సినిమాల్లో చాలా చూశాం. ఆ జోకుల వల్లే నాలాంటివాళ్లు ఏళ్లు ఆలస్యం చేస్తారు. ముందు ఫోన్‌లో మాట్లాడదాం అనుకుంటే టెలీ మానస్ 14416, ప్రభుత్వానిది, ఫ్రీ, తెలుగులో మాట్లాడొచ్చు.

ఆఫీసు ఇన్సూరెన్స్ గురించి కూడా చెప్పాలి. మెంటల్ హెల్త్‌కేర్ యాక్ట్ 2017 ప్రకారం శరీర జబ్బులకి ఏ ప్రాతిపదికన ఇన్సూరెన్స్ ఇస్తారో, మానసిక జబ్బులకీ అదే ప్రాతిపదికన ఇవ్వాలి. పాలసీ పేపర్ తీసి చూసుకోండి.

ఎవరు టెస్ట్ చేయించుకోవాలి? పాతికేళ్ల లోపు సిలిండర్ పవర్ తరచూ మారుతున్నవాళ్లు. అద్దాలు పెట్టినా అక్షరాలకి నీడ కనిపించేవాళ్లు. ఇంట్లో ఎవరికైనా కెరటోకోనస్ ఉన్నవాళ్లు. కళ్ల అలర్జీతో రోజూ రుద్దేవాళ్లు. అడగాల్సిన టెస్ట్ పేరు కార్నియల్ టోపోగ్రఫీ. కొన్ని నిమిషాల పని, నొప్పి ఉండదు. లాసిక్ అనుకుంటున్నవాళ్లు ఈ టెస్ట్ లేకుండా చేస్తామనే చోట నుంచి లేచి వచ్చేయండి.

చివరగా

నా ఎడమ కన్ను స్టెడీ. కుడి కంటికి కూడా తర్వాత క్రాస్ లింకింగ్ అయింది, కానీ లెన్స్ లేకుండా అది పెద్దక్షరాలు కూడా సరిగా చదవదు. పోయింది పోయింది. కౌంటర్ ఇప్పుడు రోజుకి మూడు, నాలుగు దగ్గర ఉంది. రిలీజ్ వీక్ లాంటి ఒత్తిడి వస్తే పది. సున్నా అయిందని చెప్పను, ఒకసారి అబద్ధం చెప్పింది చాలు.

మీ డాక్టర్ "కళ్లు రుద్దుతారా?" అంటే, అది తప్పు పట్టడానికి కాదు. ట్రీట్‌మెంట్‌లో సగం ఆ జవాబు మీద నడుస్తుంది. నిజం చెప్పండి. నోరు రాకపోతే అమ్మని తీసుకెళ్లండి, ఆవిడ చెప్తుంది.

మీ ఇంట్లో కళ్లు రుద్దే తమ్ముడో చెల్లెలో ఉంటే ఇది ఫార్వర్డ్ చేయండి. తిట్టకండి, టీ తాగుతావా అని అడగండి. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. అంతవరకు చేతులు కీబోర్డ్ మీదే. బై.